రెండు వైపులా పూసిన ముసాంబరం

స్నానాల గదిలో చెంబుడు వేడినీళ్ళు భుజం దాకా ఎత్తి, అక్కడే ఆగిపోయాను. మొదటిసారి భయం వేసింది అప్పుడే. అంతకుముందు మూడు నెలలుగా కుడి రొమ్ము మీది పుండు నాకు తెలుసు. దాన్ని తుడుస్తున్నాను, వెన్న రాస్తున్నాను, రవిక అంటుకుంటే తిట్టుకుంటున్నాను. కానీ ఆ రోజు ఎడమవైపు చూసి కుడివైపు చూశాను. ముసాంబరం రెండింటికీ పూసుకున్నాను. ఒకే గిన్నె, ఒకే వేలు. ఎడమది నాలుగో రోజుకల్లా మామూలుగా ఉంది. కుడిది మూడు నెలలైనా మానలేదు. మందు కాల్చిందనుకుంటే రెండింటినీ కాల్చాలి కదా?

ఇంటర్మీడియట్లో రెండేళ్ళు ప్రకృతి శాస్త్రం చదివాను. కప్పను బల్ల మీద పరిచి, గుండె ఎక్కడుందో, పేగులు ఎక్కడున్నాయో చూపించి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తర్వాత బి.ఏ. కూడా అయింది. ఇంత చదువూ చదివి, ఇంత చిన్న లెక్క తేలడానికి నాకు మూడు నెలలు పట్టింది. ముందు సిగ్గేసింది, ఆ వెనకే భయం వచ్చింది. చెంబులో నీళ్ళు చల్లారిపోయాయి.

బయట మా అత్తగారు తలుపు మీద కొట్టారు. "ఏటే అమ్మాయీ, నీళ్ళల్లో నిద్దరోయేవా? గుంటడు ఏడత్తన్నాడు."

"వస్తున్నానండీ," అన్నాను. ఆ చల్లటి నీళ్ళే పోసుకుని వచ్చేశాను.

ముసాంబరం సంగతి చెప్పాలి. మా రెండోవాడికి రెండున్నరేళ్ళు వచ్చినా పాలు మానలేదు. ఇంటికి ఎవరొచ్చినా వాడికి లెక్కలేదు. ఓ రోజు మునసబు గారి భార్య పేరంటానికి పిలవడానికి వచ్చి కూర్చుంటే, వాడు తిన్నగా వచ్చి నా పమిట ఎత్తి, లోపల దూరి, కాసేపటికి తల బయటపెట్టి ఆవిడకేసి చూసి, "నీకు లేదు" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోగానే మా అత్తగారు పచారీ కొట్టుకి కబురు పెట్టి ముసాంబరం తెప్పించారు. కలబంద రసం ఎండబెట్టిన నల్లటి గడ్డ అది. నాలిక మీద పెడితే మూడు పూటల దాకా నోరంతా చేదే. దాన్ని సాన మీద అరగదీసి, గిన్నెలోకి తీసి, నా చేతికిచ్చారు.

"రెండేపులా రాయి. ఒకటి వొదిలేత్తే గుంటడు దాన్నే పట్టుకుంటాడు. మా దేవరాపల్లిలో ఇలాగే మానిపింతారు. కాకి ఎత్తుకుపోనాదని సెప్పు."

రాశాను. వాడొచ్చాడు, నోరు పెట్టాడు, మొహం చిట్లించి నన్ను మోసగత్తెను చూసినట్టు చూశాడు. "పాలు కాకి ఎత్తుకుపోయిందిరా," అన్నాను. అది వాడికి నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం. వాడు నమ్మాడు. ఆ మర్నాటి నుంచి మా పెరట్లో వాలిన ప్రతి కాకి మీదా రాయి విసిరాడు. ఒక రాయి పక్కింటి కుండకు తగిలింది. ఆ గొడవలో నా కుడివైపు దురద సంగతి నేనే మరిచిపోయాను.

దురద నిజానికి ముసాంబరం కన్నా ముందే ఉంది. చనుమొన మీద పొట్టులా లేచేది. వాడికి పళ్ళొచ్చాయి, కొరికి ఉంటాడనుకున్నాను. ముసాంబరం పూశాక అది ఎర్రబడి, చెమ్మగా ఊరి, పైన పక్కు కట్టింది. పక్కు ఊడితే కింద మళ్ళీ ఎరుపు. మా అత్తగారు చూసి తీర్పు చెప్పేశారు. "ఆడు కొరికేసేడు. దాని మీద మందు పడ్డాది. మంటెత్తింది. వెన్న రాయి, తగ్గిపోద్ది." వెన్న రాశాను. తర్వాత కొబ్బరినూనె, తర్వాత పసుపు. నా రవికలన్నీ పెళ్ళిపీటల మీంచి లేచి వచ్చినట్టు పచ్చబడ్డాయి గాని పుండు మాత్రం పచ్చిగానే ఉంది.

చెంబులో నీళ్ళు చల్లారిన ఆ రోజే, మధ్యాహ్నం మా ఆయన కోర్టు నుంచి రాగానే చెప్పాను. మా ఆయన ప్లీడరు. పొలం గట్టు తగాదాల్లో ఆయన లేచి నిలబడితే అవతలి సాక్షులు నీళ్ళు అడుగుతారని ఊళ్ళో పేరు. అలాంటి మనిషి నేను "రొమ్ము" అనగానే కిటికీ వైపు చూశారు, ఎవరైనా విన్నారేమోనని.

"డాక్టరుకి చూపించాలండీ," అన్నాను.

"నువ్వెందుకు, నేను వెళ్ళి చెప్తాను."

"పుండు నాదండీ."

"చెప్తానన్నాను కదా."

ఆ రోజుల్లో మా ఊళ్ళో అదే పద్ధతి. ఆడవాళ్ళకి జబ్బు చేస్తే మగవాళ్ళు వెళ్ళి జబ్బును వర్ణించి మందు తెచ్చేవారు. జ్వరమైతే పరవాలేదు. ఇది వర్ణించాల్సి వచ్చేసరికి మా ఆయన వాక్చాతుర్యం బజారు మలుపు దగ్గరే ఆవిరైపోయినట్టుంది. డాక్టరు గారి గదిలో ఏం జరిగిందో తర్వాత నేను గుచ్చిగుచ్చి అడిగితే చెప్పారు. "మా ఇంట్లో పుండు" అన్నారట. ఎక్కడ అని డాక్టరు గారు అడిగితే "పైన" అన్నారట. పైన అంటే నెత్తి మీదా అంటే "అంత పైన కాదు" అన్నారట. చివరికి పెన్నుతో తన కోటు జేబు చూపించి, వెంటనే చెయ్యి దించేసుకున్నారట. డాక్టరు గారు గజ్జికి రాసే గంధకం మందు ఒక డబ్బాలో వేసిచ్చారు. ఆయన తప్పేం లేదు. కోటు జేబుకి అంతకన్నా మంచి మందు ఎవరూ ఇవ్వలేరు.

గంధకం మూడు వారాలు రాశాను. ఒళ్ళంతా దీపావళి మర్నాటి వీధి వాసన. పుండు కాస్త వెడల్పయింది.

అప్పుడిక ఎవరికీ చెప్పకుండా, మా అమ్మాయికి దగ్గని చెప్పి, దాన్ని వెంటబెట్టుకుని ఆడవాళ్ళ ఆస్పత్రికి వెళ్ళాను. దానికప్పుడు ఆరేళ్ళు. దారిలో "నాకు దగ్గు లేదుగా అమ్మా" అంది. "అక్కడికి వెళ్ళాక దగ్గు" అన్నాను. అది పాపం చెప్పినదానికన్నా ఎక్కువే దగ్గింది. డాక్టరమ్మగారు నలభై దాటిన మనిషి, ప్రసవాల మీద ప్రసవాలు చేసి చేసి గొంతు బొంగురుపోయిన మనిషి. దాని గొంతులో దీపం వేసి చూసి, "నీకేం లేదు, బయట కూర్చో" అని, నావైపు తిరిగి, "నీకేంటమ్మా?" అన్నారు. దొంగని ఒక్క చూపులో పట్టేసినట్టు.

రవిక విప్పి చూపించాను. ఆవిడ అప్పటిదాకా నర్సుతో బెల్లం ధర గురించి మాట్లాడుతున్నారు. దీపం దగ్గరికి జరిపి చూశారు. తర్వాత నా చెయ్యి పైకెత్తి చంకలో వేళ్ళు పెట్టి, చాలాసేపు, పప్పులో రాళ్ళు ఏరినంత నెమ్మదిగా వెతికారు.

"ముందు దురద వచ్చిందా, ముందు మందు పూశావా?" అన్నారు.

"దురదే ముందండీ."

"ఎన్నాళ్ళు ముందు?"

"రెండు నెలలుంటుంది."

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "చదువుకున్నావా?"

"బి.ఏ. అండీ."

"అయితే తిన్నగా చెప్తాను. ఇది చూడ్డానికి తామరలా ఉంటుంది. అందరూ తామరనే అనుకుంటారు. తామరైతే తరచు రెండువైపులా వస్తుంది, మందుకి తగ్గుతుంది. ఒకవైపే వచ్చి, చనుమొన మీద కూర్చుని, తగ్గకపోతే అనుమానించాలి. లోపల పాల నాళాల్లో మొదలై పైకి కనిపించే రాచపుండు, కాన్సరంటారే, అది ఒకటుంది. చాలా అరుదు. నేను పుస్తకంలోనే చదివాను. విశాఖపట్నం వెళ్ళు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. నాది తప్పని తేలితే నాకు ఉత్తరం రాసి తిట్టు."

"తప్పు కాకపోతే?"

"అప్పుడు కోసేస్తారు. ఆలస్యం చెయ్యకు. గడ్డ తగలలేదు, చంకలో బిళ్ళలు కట్టలేదు. ఆ రెండూ రాకముందే వెళ్ళు."

బయటికి వచ్చేసరికి మా అమ్మాయి అరుగు మీద ఎవరో గర్భిణికి దగ్గి చూపిస్తోంది.

ఇంట్లో యుద్ధం మొదలైంది. బయట జర్మనీ, జపానులతో జరిగిన యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది కాలేదు గాని, మా వంటింట్లోది ఇంకా పెద్దది. "బిడ్డలు తాగిన సోట కత్తెట్టిత్తావా?" అన్నారు మా అత్తగారు. "నా మందు వల్ల వచ్చిన మంట అది. నాను రాయమన్నాను, నాను తగ్గిత్తాను. కత్తులూ గిత్తులూ నాకు సెప్పకు." మా ఆయన ఇద్దరి వాదనలూ విని, తీర్పు వాయిదా వేశారు. అలవాటు. పైగా విశాఖపట్నం బస్తీ ఆస్పత్రిలో మగ డాక్టర్లుంటారు కదా అని నసిగారు. "మీ కోర్టులో మగ జడ్జీలుంటారని ఎవరైనా దావా మానుకున్నారా?" అన్నాను. ఆయన పేపరు తెరిచి మొహం దాచుకున్నారు.

రోజులు గడిచాయి. పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు లోపల లెక్కలు. వీడు అక్షరాలు దిద్దేనాటికి ఉంటానా? దానికి ఓణీ వేసేనాటికి? ఎవరో పెంచుతారు, ఆవిడెవరో వీడి కాకుల మీద రాళ్ళని భరిస్తుందా? నేను ఊహల్లోనే ఆ వచ్చేదానితో పోట్లాడేదాన్ని. దానికి వంట కూడా సరిగ్గా రాదని తేల్చేసుకున్నాను.

పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఒకర్తె మాకు వారానికి రెండుసార్లు వచ్చేది. గంప దించుతూ నా మొహం చూసి, "అమ్మగారూ, ఎండిపోతన్నారేటి? సేపలకంటే మీరే బాగా ఎండేరు" అంది. ఎందుకో ఆవిడకి చెప్పేశాను. మా ఆయనకి చెప్పడానికి పట్టిన కష్టంలో పావువంతు పట్టలేదు.

"ఓలమ్మో, దానికేటి? మా మావకి తాడు సుట్టుకుని సెయ్యి మణికట్టు కాడికి పోనాది. ఇంకో సేత్తో వల లాగతన్నాడు, నన్ను కొడతన్నాడు, అన్నీ సేత్తన్నాడు. ఆ సెయ్యి కుళ్ళకముందే కోసీసేరు కాబట్టి ఉన్నాడు. మీకు రెండున్నాయి. పైగా పనైపోనాది. ఇద్దరు తాగీసేరు. ఇంకా ఎవరికోసం దాసుకుంతారు?"

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. చేప బేరం కూడా ఆడలేదు. అది చూసి నేను ఇంకా భయపడ్డాను.

డాక్టరమ్మ చూసిన పన్నెండో రోజు మధ్యాహ్నం, పిల్లలు నిద్రపోయాక, మా అత్తగారు నన్ను తన గదిలోకి పిలిచారు. "తలుపేయి," అన్నారు. వేశాను. ఆవిడ తరం వాళ్ళు రవిక తొడగరు. చీర కొంగు పక్కకి తీసి, వెలుతురుకి తిరిగి నిలబడ్డారు. నలుగురు బిడ్డలు తాగి వదిలేసిన రొమ్ములు రెండూ బొగ్గు రాసినట్టు నల్లగా ఉన్నాయి.

"ఇదేంటండీ!"

"ముసాంబరం. నువ్వు ఆ డాక్టరమ్మ కాడ నించి వచ్చిన రోజు సాయంత్రం మొదలెట్టేను. పదకొండు రోజులు. పొద్దున్న ఓపాలి, మాపు ఓపాలి పూసేను. నీకు రాయమన్నదానికి రెండింతలు. సూడు. దగ్గరికొచ్చి సూడు, సిగ్గేటి! ఒక్క పొక్కు లేసిందేటి? ఎర్రబడ్డాదేటి?"

చూశాను. ఏమీ లేదు. తడిగుడ్డతో కొంచెం తుడిచి చూశాను. నలుపు కింద ముడతల చర్మం మామూలుగా ఉంది. డెబ్భై ఏళ్ళకి దగ్గర పడుతున్న మనిషి, అక్షరం ముక్క రాని మనిషి, కాలేజీ చదువు చదివిన నేను చెయ్యాల్సిన పరీక్ష చేసి చూపించారు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నలుపూ, ఆ నిలబడ్డ తీరూ. ఆవిడ కూడా నవ్వబోయారు. నోరు వంకర పోయింది.

"కాల్తే బాగుణ్ణని రోజూ సూసుకున్నానే," అన్నారు. "నాది కాలుంటే నీదీ ఒట్టి కాలుడే అయ్యుండును. పదకొండు రోజులు సూసేను. కాల్లేదు."

నేను ఆవిడ కొంగు తీసి భుజం మీద వేశాను. ఇద్దరం కాసేపు మంచం మీద కూర్చున్నాం. తర్వాత ఆవిడే లేచి, తలుపు తీసి, ముందుగదిలో కాగితాలు చూసుకుంటున్న కొడుకుతో, "ఒరే, రేపు పొద్దున్న బండికి దీన్ని బస్తీ తీసుకెల్లు. సెప్పేను, ఇంక వాయిదాల్లేవు" అన్నారు. మా ఆయన నన్ను చూసి, తల్లిని చూసి, ఆవిడ వేళ్ళ నలుపు చూసి, "సరే" అన్నారు. ఆయన ఇప్పటికీ ఆ గదిలో ఏం జరిగిందో తెలుసుకోలేదు. నేను రాస్తున్న ఈ కాగితాలు చదివితే తెలుస్తుంది. చదవరు. రొమ్ము అన్న మాట దగ్గరే మూసేస్తారు.

పాసింజరు బండిలో వెళ్ళాం. మా అత్తగారు సర్జను గారికని ఒక బెల్లం దిమ్మ గోనెలో కట్టి ఇచ్చారు. "కోసేవోడి సెయ్యి తియ్యగుండాలి," అని. వాల్తేరులో దిగి, జట్కాలో ఆస్పత్రికి వెళ్ళి, ఆ దిమ్మని మా ఆయన చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వరండాలో నిలబడ్డారు.

సర్జను గారు నా పుండు చూడగానే ఆయన మొహం వెలిగింది. నా పెళ్ళిచూపుల్లో మా ఆయన మొహం కూడా అంత వెలగలేదు. అలాంటిది ఆయన అంతకుముందు రెండుసార్లే చూశారట. వెంటనే కబురు పెట్టి విద్యార్థుల్ని పిలిపించారు. పది పన్నెండుమంది మీసాలింకా సరిగ్గా రాని కుర్రాళ్ళు మంచం చుట్టూ చేరారు. ఒకడు తామరన్నాడు, ఒకడు కాలిన పుండన్నాడు. "మా అత్తగారి కన్నా మీరేం తెలివైనవాళ్ళు కాదు నాయనా," అన్నాను మనసులో. మా ఆయన గోడ మీది కాలెండరులో ఆ నెల తేదీలన్నీ కంఠతా పట్టారు.

ముక్క తీశారు. పది రోజుల తర్వాత రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళాం. సర్జను గారు కాగితం చూసుకుని మా ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడ్డం మొదలుపెట్టారు, నేను బల్ల పక్కన స్టూలునైనట్టు. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. జబ్బుకి ఒక ఇంగ్లీషు డాక్టరు పేరు పెట్టారు. నా ఒంటి మీద ఎవరి పేరో ఉండటం అదే మొదటిసారి. ఆయన ఇంకా మా ఆయనకి "షి" అనీ "హెర్" అనీ చెబుతుంటే, నేనూ ఇంగ్లీషులోనే అడిగాను, "నా పిల్లలకి ఒకరికి ఆరు, ఒకరికి మూడు. ఎన్నాళ్ళు చూస్తాను వాళ్ళని?" అని.

సర్జను గారు కళ్ళద్దాలు తీసి, కుర్చీ నావైపు తిప్పుకున్నారు. అప్పటినుంచి తెలుగులో మాట్లాడారు. అదీ మంచి తెలుగే.

"జబ్బు పాల నాళాలు దాటకపోతే, తీసేస్తే పోయినట్టే. అలాంటివాళ్ళు ముసలివాళ్ళై కోడళ్ళని సాధించుకుంటూ బతుకుతారు. చంకలో బిళ్ళలకి పాకి ఉంటే మాట వేరు. అప్పుడు మద్రాసు పంపి ఎక్స్‌రే కిరణాలు పెట్టిస్తాం. అయినా రెండేళ్ళో మూడేళ్ళో. నా చేతికి గడ్డా తగలడం లేదు, బిళ్ళలూ తగలడం లేదు. కానీ నా వేళ్ళకి తెలియనివి ఉంటాయి. కోసి, అద్దం కింద పెట్టి చూస్తే గాని చెప్పలేను."

"ఎంత కోస్తారు?"

"మొత్తం. రొమ్ము, కింద కండ, చంకలో ఉన్నదంతా. సగం పని చేస్తే మళ్ళీ వస్తుంది."

"బిళ్ళల్లో లేదని తేలితే నేను బతికినట్టేనా?"

"ఐదేళ్ళు గడవనివ్వమ్మా. అప్పుడు అడుగు, అవునంటాను."

ఇది ఆపరేషనయ్యాక మూడో ఏడు. మిగిలినదాన్ని ప్రతి ఆదివారం వెలుతురులో చూసుకుంటాను. దోమ కుట్టినా నాకు రాచపుండే. మొన్న చెమటకాయ వస్తే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ పౌడరు చల్లి, "నువ్వు జబ్బుతో పోవు, అనుమానంతో పోతావు" అని పంపేశారు. పగలు పిల్లలతో తీరిక ఉండదు. అందుకే వాళ్ళు పడుకున్నాక, ఈ దీపం దగ్గర కూర్చుని రాస్తున్నాను. రాస్తుంటే ఆదివారం దాకా ఆగగలుగుతున్నాను.

ఆపరేషను సంగతి నాకు పెద్దగా తెలియదు. మొహం మీద గుడ్డ బుట్ట పెట్టి మత్తు చుక్కలు వేశారు. అంకెలు లెక్కపెట్టమన్నారు. ఎనిమిది దాకా వెళ్ళాను. లేచేసరికి ఛాతీ చుట్టూ కట్టు, చంకలోంచి రబ్బరు గొట్టం, నోట్లో చచ్చిన ఎలుక ఉన్నట్టు రుచి. కుడి చెయ్యి నాది కాదు. నేను అడిగిన మొదటి మాట, "బిళ్ళలు?" అని. "ఇంకా వారం," అంది నర్సు. ఆ వారంలో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ రోగాలన్నీ నాకూ ఉన్నట్టే అనిపించింది, అవతల మగవాళ్ళ వార్డులో ఒకతనిది వరిబీజమని, అది మగవాళ్ళకే వస్తుందని తెలిసేదాకా.

వారం దాటి రెండు రోజులకి సర్జను గారు వచ్చి, "బిళ్ళల్లో లేదు. ఒక్కదాంట్లోనూ లేదు" అన్నారు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పారు. మూడోసారి అడిగితే, "కావాలంటే కాగితం మీద రాసి, మీ ఆయన చేత సంతకం పెట్టిస్తాను" అన్నారు. మద్రాసు అక్కర్లేదన్నారు. మా ఆయన వరండాలోకి వెళ్ళి, తుపుక్కుమని ఉమ్మే డబ్బా పక్కన నిలబడి, జేబురుమాలు మొహాన పెట్టుకుని ఏడ్చారు. కిటికీలోంచి చూశాను. గట్టు తగాదాల్లో ఆ గొంతు విని ఉంటే జడ్జి గారు పొలమంతా రాసిచ్చేసేవారు.

చెయ్యి బిగుసుకుపోకుండా నర్సు ఒక పని పెట్టింది. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని సాలీడులా పైకి పాకించాలి. రోజూ ఇంకో అంగుళం. "ఇంటికెళ్ళాక తల దువ్వు. నీది కాకపోతే ఇంకొకళ్ళది. అంతకన్నా మంచి మందు లేదు," అంది.

నెలకి పైగా అయ్యాక ఇంటికి వచ్చాను. సాయంత్రం అయింది. పిల్లలు పక్కింట్లో తిని, అక్కడే నిద్రపోతే ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. మా అత్తగారు నా కోసం ఒక బహుమానం తయారు చేసి ఉంచారు. పాత పంచె ముక్కతో కుట్టిన గుండ్రటి సంచీ. మొదట అందులో దూది పెట్టారట. అది పెట్టుకుని ఆవిడే నడిచి చూశారట. నాలుగడుగులకి కంఠం దాకా ఎగబాకిందట.

"బరువుండాల. అందుకని సోళ్ళు పోసేను," అన్నారు.

"చోళ్ళా!" అన్నాను. మావైపు రాగుల్ని చోళ్ళంటారు.

"మరేటి? వొరైతే గుచ్చుకుంటాది. పెసలైతే పురుగడతాది. సోళ్ళు మెత్తగుంటాయి. రెండోదాంతో తూసి మరీ పోసేను, అందాజుగా."

పెట్టుకున్నాను. అద్దంలో నాకే తేడా తెలియలేదు. నడిస్తే సన్నగా గలగలమంది. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం, కుట్లు లాగేదాకా.

మర్నాడు పొద్దున్న నేను జాకెట్టు తొడుక్కుంటుండగా పిల్లలిద్దరూ లేచి వచ్చేశారు. దాచడానికి కుడి చెయ్యి అంత వేగంగా రాలేదు. మా అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. వాడు దగ్గరికి వచ్చి, కట్టు వైపు చూసి, మంచం మీది సంచీ వైపు చూసి, కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. మొహం నల్లబడింది.

"కాకి నిజంగా ఎత్తుకుపోయిందా?" అన్నాడు.

దాంతో మా అమ్మాయి, "కాకి కాదు, నువ్వే కొరికేశావు. నాన్నమ్మ చెప్పింది" అంది. వాడి కింది పెదవి వణికింది. గుమ్మం అవతల మా అత్తగారు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపలికి రాలేదు.

వాడిని ఎడమ చేత్తో ఒళ్ళోకి లాక్కున్నాను. "కాకి కాదురా. కాకి సంగతి నేను చెప్పిన అబద్ధం. నువ్వు కొరకడం వల్ల కూడా కాదు. నాన్నమ్మ మందు వల్ల కాదు, నాన్నమ్మ రాసుకుని చూసింది కూడా. లోపల పుండు పుట్టింది. ఎందుకు పుట్టిందో డాక్టరు గారికే తెలియదు. అది పెరగకముందు కోసి తీసేశారు." గుమ్మం అవతల పళ్ళెం కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వాడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "అయితే కాకుల్ని కొట్టొద్దా?"

"వద్దు. పక్కింటి కుండకి కూడా చెప్పు."

మా అమ్మాయికి ఆ వారమే ముందు పన్ను ఊడింది. ఆ సందులో నాలిక పెట్టి, "మళ్ళీ మొలుస్తుందా?" అంది.

"పన్నులా మొలవదమ్మా. అందుకే నాన్నమ్మ చోళ్ళు కుట్టింది."

"నువ్వు చచ్చిపోతావా?"

రాత్రంతా ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు పేర్చుకున్నాను. "ఇప్పుడు కాదు," అన్నాను. "ఐదేళ్ళు చూసి చెప్తానన్నారు డాక్టరు గారు. నాకూ అంతకన్నా తెలియదు. తెలిసిన రోజున నీకే ముందు చెప్తాను, కాకి కథలు చెప్పను. ఈలోగా నా చెయ్యి పైకి లేవాలంటే రోజూ తల దువ్వాలట. దువ్వెన పట్టుకుని రా. ఈ రోజు నుంచి నీ జడ నేనే వేస్తాను. వంకరగా వస్తుంది, ఆలస్యమవుతుంది. ఏడవకూడదు. బడికి అలాగే వెళ్ళాలి."